బయట ఇంకో కుక్క కనబడితే మీదికి దూకే కుక్కతో ఎలా నెగ్గుకురావాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ రోజీ మూడేళ్ళ ఆడకుక్క. ఇంట్లో పిల్లలతో, వచ్చిపోయే మనుషులతో బంగారంలా ఉంటుంది. బయటికి తీసుకెళ్తే మాత్రం ఇంకో కుక్క కనబడటం ఆలస్యం, పట్టీ తెంచుకునేంతగా లాగి, మొరిగి, మీదికి దూకుతుంది. కిందటి వారం పక్కింటి కుక్క దగ్గరికొస్తే చెవి కొరికింది, రక్తం కారింది. "నాలుగు కుక్కల మధ్య వదిలేయండి, అదే అలవాటు పడుతుంది" అని ఒకరు, "యజమాని ఎవరో దానికి తెలిసేలా చేయండి" అని ఇంకొకరు చెప్పారు. తోడుగా రెండో కుక్కను తెస్తే మారుతుందేమో అని మీకు అనిపిస్తోంది. అసలు మారుతుందా, ఎవరికైనా ఇచ్చేయాలా అన్నది మీ బాధ.

సూటిగా చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఇచ్చేయాల్సిన అవసరం కనబడటం లేదు. రోజీ మారుతుంది. కానీ అన్ని కుక్కలతో కలిసి ఆడుకునే కుక్కగా మాత్రం మారకపోవచ్చు. ఆ ఆశ వదులుకుంటే మీ పని సగం తేలికవుతుంది. రోజీ ఇతర కుక్కలను ఇష్టపడక్కర్లేదు. వాటిని చూసి కూడా మీతో పాటు ముందుకు నడిచిపోగలిగితే చాలు. అది సాధ్యమే. ఇలాంటి కుక్కలతో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను, రెండింటిని ఇంట్లోనే పెంచాను. వాటిలో ఏ ఒక్కటీ పార్కులో పరాయి కుక్కలతో ఆడుకునే రకం కాలేదు. కానీ వాటి బతుకు హాయిగానే సాగింది, మా ఇంట్లోవాళ్ళు కూడా ప్రశాంతంగానే ఉన్నారు.

రెండో కుక్క సంగతి చివర్లో చెప్తాను. ప్రస్తుతానికి తేవద్దు.

అన్నిటికంటే ముందు వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇది మాట వరసకు చెప్తున్నది కాదు. మూడేళ్ళు వచ్చేదాకా బాగానే ఉండి ఈ మధ్యే మొదలైతే ఇంకా ముఖ్యం. చెవిలో ఇన్ఫెక్షన్, విరిగిన పన్ను, తుంటి కీలు నొప్పి, వెన్ను నొప్పి, థైరాయిడ్ తేడా, చర్మం దురద, వీటిలో ఏది ఉన్నా కుక్క ఓర్పు తగ్గిపోతుంది. నొప్పిని దాచుకోవడం కుక్కలకు బాగా వచ్చు. కుంటకపోవచ్చు, మూలగకపోవచ్చు. ఒక పెద్ద మగకుక్కను నా దగ్గరికి తీసుకొచ్చారు, ఉన్నట్టుండి కుక్కల మీద పడుతోందని. అది కూర్చునేటప్పుడు ఒక కాలు పక్కకు చాపి కూర్చుంటోంది, సోఫా ఎక్కే ముందు ఒక్క క్షణం ఆగుతోంది. ఎక్స్‌రే తీయిస్తే తుంటి కీలు అరిగి ఉంది. ఏ కుక్కయినా పరిగెత్తుకొచ్చి తగిలితే నొప్పి. అందుకే దగ్గరికి రానివ్వడం మానేసింది. నొప్పికి మందులు మొదలయ్యాక దాని గొడవలు చాలావరకు తగ్గాయి. శిక్షణ ఆ తర్వాతే పనిచేసింది.

ఇప్పుడు కారణం గురించి. కుక్కపిల్ల పుట్టిన 3వ వారం నుంచి సుమారు 14వ వారం దాకా లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. అప్పుడు రకరకాల కుక్కలతో మంచి అనుభవాలు లేకపోతే పెద్దయ్యాక పరాయి కుక్క అంటేనే భయం పుడుతుంది. అంతా సరిగానే జరిగినా, ఒక్కసారి వేరే కుక్క చేతిలో గట్టిగా దెబ్బతింటే అదే మిగిలిపోవచ్చు. ఇంకోటి, కుక్కలు ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య స్వభావంలో పెద్దవవుతాయి. పిల్లగా ఉన్నప్పుడు అందరితో ఆడిన కుక్క ఈ వయసులో ఎంచుకోవడం మొదలుపెడుతుంది. "అప్పుడు బాగుండేది, మా పెంపకంలోనే లోపమా" అని చాలామంది కుమిలిపోతారు. అలా అనుకోకండి. పెద్దయిన కుక్కకు పరాయి కుక్కలన్నీ నచ్చకపోవడం మామూలు సంగతే.

పట్టీ దీన్ని ఇంకా పెంచుతుంది. కుక్కలు తమంతట తాము కలిసేటప్పుడు ఎదురెదురుగా రావు. వంపు తిరిగి, పక్క నుంచి వచ్చి, వెనక వాసన చూసి విడిపోతాయి. ఇష్టం లేనిది దూరంగా వెళ్ళిపోతుంది. పట్టీ కట్టి సన్నటి దారిలో నడిపిస్తే రెండూ ముఖాముఖి రావాల్సిందే, తప్పుకునే వీలు లేదు. పారిపోలేని కుక్క ఎదుటిదాన్ని పారిపోయేలా చేయాలని చూస్తుంది. మొరుగుతుంది, ఎదుటి కుక్కను వాళ్ళ యజమాని లాక్కుని వెళ్ళిపోతాడు. మీ కుక్క దృష్టిలో మొరగడం పనిచేసింది! రోజూ రెండు మూడుసార్లు ఇలా పనిచేస్తే అది గట్టి అలవాటవుతుంది.

కొన్ని కుక్కల్లో మూలం భయం కాదు, అసహనం. దగ్గరికి వెళ్ళాలన్న ఆత్రం, పట్టీ ఆపుతుందన్న కోపం. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. ఎదుటి కుక్క వెళ్ళిపోయాక చూడండి. భయపడిన కుక్క ఒళ్ళు విదిలించుకుని ఊపిరి పీల్చుకుంటుంది. ఆత్రపడిన కుక్క మూలుగుతూ అటే లాగుతూ ఉంటుంది. రోజీ నిజంగా కొరికింది కాబట్టి భయమే ఎక్కువ అని నా అంచనా, కానీ మీరు కళ్ళారా చూసి తేల్చుకోండి. రెండింటికీ పని మాత్రం దాదాపు ఒకటే.

మీకు వచ్చిన సలహాల మాట. "యజమాని ఎవరో చూపించాలి" అన్నది పాత నమ్మకం. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు నిర్బంధంలో ఉంచిన తోడేళ్ళను గమనించి రాసినదాంట్లో ఈ పెత్తనం లెక్కకు మూలాలున్నాయి. ఆ మాటను జనంలోకి బాగా తీసుకెళ్ళిన వారిలో ఒకరైన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మీచ్, స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించాక, 1999లో తానే దాన్ని సరిదిద్దాడు. అడవిలో గుంపు అంటే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమే తప్ప, పెత్తనం కోసం కొట్టుకునే పోటీ కాదని చెప్పాడు. అయినా కుక్కలను వెల్లకిలా పడేసి పట్టుకోవడం, మెడ గుంజడం, ముళ్ళ కాలర్, కరెంటు కాలర్ ఇప్పటికీ ఆగలేదు. అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటనలో, దూకుడుగా ఉన్న కుక్కలతో సహా అన్నిటికీ బహుమతితో నేర్పే పద్ధతులే వాడమని చెప్పింది.

ఎందుకో రోజీ వైపు నుంచి ఆలోచించండి. ఇంకో కుక్క కనబడినప్పుడల్లా మెడకు నొప్పి. అప్పటికే అనుమానం, ఇప్పుడు అది నిజమని తేలింది: కుక్కలు వస్తే నొప్పి వస్తుంది. శిక్షకు భయపడి మొరగడం ఆపిందే అనుకోండి, లోపలి భయం ఎక్కడికీ పోదు. గుర్రుమన్నందుకు కుక్కను ఎప్పుడూ తిట్టకండి, కొట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక. హెచ్చరికను అణిచేస్తే మిగిలేది చెప్పాపెట్టకుండా కరిచే కుక్క. అలాంటివాటితో పనిచేయడం చాలా కష్టం, అలా తయారైన కుక్కను చూస్తే నాకు నిజంగా దుఃఖం వస్తుంది.

"నాలుగు కుక్కల మధ్య వదలండి" అన్న సలహా ఇంకా ప్రమాదం. రోజీకి గాని, ఏ పాపం తెలియని ఇంకో కుక్కకు గాని పెద్ద గాయం అవుతుంది. దయచేసి చేయకండి.

ఇక ఆ కొరకడం ఎంత తీవ్రమైనది? చెవి చర్మం పల్చన, రక్తనాళాలు ఎక్కువ, తల విదిలిస్తే గోడలంతా రక్తం పడుతుంది. అందుకని రక్తం చూసి తీవ్రత లెక్కేయకండి. ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాటును ఆరు స్థాయిలుగా విభజించాడు. పళ్ళు తగలకుండా గాల్లో కరవడం మొదటిది, పళ్ళు తగిలినా గుచ్చుకోకపోవడం రెండోది. మూడోదాంట్లో గాటు పడుతుంది గాని కోరపన్ను పొడవులో సగానికి మించి దిగదు. నాలుగులో అంతకంటే లోతుగా దిగుతుంది, పట్టుకుని ఊపిన గుర్తులు ఉండొచ్చు. ఐదు అంటే అలాంటి లోతైన కాట్లు ఒకటికి మించి, ఆరు అంటే ప్రాణం పోవడం. ఇది మనుషులను కరిచినదాన్ని కొలవడానికి చేసిందే అయినా, కుక్కల గొడవలనూ అలాగే ఆలోచించవచ్చు. ఇప్పటిదాకా ఎన్నిసార్లు గొడవపడింది, అందులో ఎన్నిసార్లు ఎదుటి కుక్కకు కుట్లు పడ్డాయి అని రాసుకోండి. చాలాసార్లు గొడవపడి ఒక్కసారీ పెద్ద గాయం కాలేదంటే, ఆ కుక్క ఎంత కోపంలోనూ పంటి బలాన్ని ఆపుకుంటోందని అర్థం. ఒక్క గొడవలోనే లోతుగా దిగి, పట్టు వదలకుండా ఊపిందంటే నేను చెప్పేదంతా ప్రవర్తన తెలిసిన నిపుణుల పర్యవేక్షణలోనే చేయండి.

పక్కింటివాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడారా? వైద్యం ఖర్చు మీరే పెట్టుకుంటామని చెప్పండి, రెండు కుక్కల రేబిస్ టీకా కాగితాలు సరిచూసుకోండి. పంటిగాటు పైకి చిన్నగా కనబడి లోపల చీము పడుతుంది, అందుకే డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఇప్పుడు అసలు పని. అంతా దూరంలోనే ఉంది. ప్రతి కుక్కకూ ఒక ఓర్పు హద్దు ఉంటుంది. ఎదుటి కుక్క ఆ హద్దుకు అవతల, దూరంగా ఉన్నంతసేపు మీ కుక్క దాన్ని చూస్తూనే ఆలోచించగలదు, తినగలదు, మీ మాట వినగలదు. హద్దు దాటి దగ్గరికొస్తే చెవుడొచ్చినట్టే. అప్పుడు ఏం చెప్పినా ఎక్కదు. రోజీ హద్దు ఇరవై మీటర్లు కావచ్చు, యాభై కావచ్చు. మీరే కనిపెట్టాలి.

ఎలా కనిపెట్టాలంటే, మొరగడానికి ముందు ఒకటి రెండు క్షణాలు దాన్ని జాగ్రత్తగా చూడండి. వదులుగా తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటుంది. చెవులు ముందుకు నిక్కుతాయి. తోక మొదలు బిగుసుకుంటుంది, తోక ఊగుతున్నా చిన్నగా, బిర్రుగా ఊగుతుంది. ఒంటి బరువు ముందుకాళ్ళ మీదికి వస్తుంది. ఊపిరి ఆగినట్టవుతుంది. కళ్ళు ఆర్పదు. మెడ మీద, వీపు మీద వెంట్రుకలు లేవవచ్చు. అది ఉద్రేకానికి గుర్తే తప్ప కరుస్తానని కాదు. ఇదంతా జరిగిపోయిందంటే మీరు హద్దు మీద నిలబడ్డారు. ఇంకా ముందు దశలో ఉంటే పెదాలు నాకడం, ఆవలించడం, తల పక్కకు తిప్పడం, ఉన్నట్టుండి నేల వాసన చూడటం కనబడతాయి. చాలామంది వీటిని "ఏమీ లేదులే" అనుకుని ముందుకు లాగుతారు. అవే మీకు అందే మొదటి సమాచారం. తోక ఊపుతోందంటే స్నేహమే అనే నమ్మకాన్ని కూడా వదిలేయండి. ఒళ్ళంతా మెత్తగా, నడుముతో సహా ఊగితేనే సంతోషం.

పద్ధతి చెప్తాను. చికెన్ ముక్కలో, చీజో, రోజీ ప్రాణం పెట్టేది ఏదైనా చిన్న చిన్న ముక్కలుగా, గోరంత సైజులో చేసుకోండి. ఇవి వేరే ఎప్పుడూ పెట్టకండి. దూరంగా కుక్కలు కనబడే, మీరు ఎటైనా తప్పుకోగలిగే విశాలమైన చోటికి వెళ్ళండి. కుక్క కనబడుతుంది, రోజీ దాన్ని చూస్తుంది, చూసిన తర్వాతే ముక్క నోటికి అందించండి. ఆ కుక్క కనబడుతున్నంతసేపూ ఒకదాని తర్వాత ఒకటి ఇస్తూ ఉండండి. కుక్క కనుమరుగైతే ముక్కలూ ఆగిపోవాలి. వరస తప్పకూడదు. కుక్కను చూడకముందే ముక్క చూపించి దృష్టి మళ్ళిస్తే, "ముక్క బయటికొచ్చిందంటే ఎక్కడో కుక్క వస్తోంది" అని నేర్చుకుని తిండిని కూడా అనుమానిస్తుంది. గంట మోగాక తిండి వస్తే గంట వినగానే లాలాజలం ఊరుతుందని పావ్లోవ్ చూపించిన సూత్రమే ఇది. ముందు కుక్క, తర్వాత మంచి సంగతి.

కొన్నాళ్ళకు ఒక మార్పు కనబడుతుంది. దూరంగా కుక్కను చూసి, తనంతట తానే వెనక్కి తిరిగి మీ ముఖంలోకి చూస్తుంది, "చూశాను, ఏదీ నాది?" అన్నట్టు. నేను ఇంట్లో పెంచిన కుక్కల్లో ఒకటైన వీర మొదటిసారి అలా తిరిగి చూసినప్పుడు నా చేతిలో ఉన్న ముక్కలన్నీ దానికే పెట్టేశాను. అక్కడి నుంచి రెండు మూడు అడుగుల చొప్పున దూరం తగ్గించవచ్చు. తొందర వద్దు. ఒకరోజు దగ్గరగా వెళ్ళగలిగింది కదా అని మరుసటి రోజు ఇంకా దగ్గరికి వెళ్ళకండి. ఎదుటి కుక్క కదలకుండా కూర్చుంటే ఒక దూరం, పరిగెత్తుతుంటే ఇంకో దూరం కావాలి. తననే గుచ్చి చూసే కుక్క అయితే ఇంకా ఎక్కువ దూరం.

"మొరుగుతుంటే తిండి పెడితే మొరగడానికి బహుమతి ఇచ్చినట్టు కాదా?" అని ప్రతివాళ్ళూ అడుగుతారు. కాదు. మనం మారుస్తున్నది ఆ మొరుగుడు వెనకున్న భయాన్ని. భయపడేవాళ్ళకు మంచి జరిగితే భయం పెరగదు. అయితే మొరగడం మొదలైందంటే మీరు హద్దు దాటారని అర్థం, అప్పుడు చేయాల్సింది అక్కడి నుంచి వెళ్ళిపోవడం. ముక్క తీసుకోకపోయినా, లేక మీ వేళ్ళు కొరికేంత ఆత్రంగా లాక్కున్నా అదే సంకేతం. దూరం పెంచండి.

అందుకోసం ఇంట్లోనే రెండు సంగతులు ముందు నేర్పండి. ఒకటి, మీరు ఉత్సాహంగా "పద పద" అనగానే వెనక్కి తిరిగి మీతో పరిగెత్తడం. హాల్లో, తర్వాత వరండాలో, తర్వాత ఖాళీ రోడ్డు మీద, కుక్కలేవీ లేనప్పుడు రోజూ ఆటలా చేయండి. రెండు, "వెతుకు" అనగానే మీరు నేల మీద చల్లిన ముక్కలను ముక్కుతో వెతుక్కుని తినడం. నేల వాసన చూస్తున్నప్పుడు కుక్క చూపు దిగుతుంది, ఒళ్ళు మెత్తబడుతుంది, ఎదుటి కుక్కకు కూడా "నాకు గొడవ వద్దు" అన్న కబురు వెళ్తుంది. మలుపు తిరగగానే ఎదురుగా కుక్క వస్తే ఈ రెండే మిమ్మల్ని ఆదుకుంటాయి. భయం పుట్టినప్పుడు కొత్తగా నేర్పడం కుదరదు, అందుకే ముందే చేతికి రావాలి.

సామాను విషయం తొందరగా చెప్పేస్తాను. ఛాతీ ముందు రింగు ఉన్న హార్నెస్ (మెడకు కాకుండా ఒంటికి తొడిగేది), రెండు మీటర్ల మామూలు పట్టీ. లాగితే సాగే డబ్బా పట్టీ వద్దే వద్దు, సమయానికి ఆపలేరు. పట్టీని చేతికి గట్టిగా చుట్టుకోకండి, ఒక్క గుంజుకు వేళ్ళు విరుగుతాయి. ఎదురుగా కుక్క కనబడగానే మనకు తెలియకుండానే పట్టీ బిగిస్తాం, ఆ బిగువు దానికి ప్రమాద సంకేతంలా అందుతుంది. చేయి వదులుగా ఉంచి కాళ్ళతో దూరం జరగండి.

కరవకుండా మూతికి తొడిగే మజిల్ అలవాటు చేయండి. కొరికిన చరిత్ర ఉంది కాబట్టి ఇది తప్పదు, ఇందులో అవమానం ఏమీ లేదు. నోరు కట్టేసే గుడ్డ రకం కాదు, బుట్టలా ఉండేది కావాలి. అందులో నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్ళు తాగగలగాలి, ముక్కలు అందుకోగలగాలి. నోరు మూసేసే రకంతో కుక్క ఒంటి వేడి తగ్గించుకోలేదు, వేడిగా ఉన్నప్పుడు ప్రాణం మీదికొస్తుంది. ఒక్కసారిగా తగిలించకండి. మొదట బుట్ట అడుగున ముక్క వేసి నేల మీద పెట్టండి, అదే మూతి పెట్టి తింటుంది. తర్వాత చేత్తో పట్టుకోండి, అదే వచ్చి దూర్చాలి, మీరు దాని ముఖం మీదికి తోయకూడదు. బుట్ట సందుల్లోంచి ఒక్కో ముక్కా అందిస్తూ మూతి లోపల ఉంచే సమయం పెంచండి. మెడ వెనక పట్టీని ఊరికే తగిలించండి, తీసేయండి. బకిల్ పెట్టేది ఆ తర్వాతే. రోజుకు రెండు మూడు నిమిషాల చొప్పున రెండు మూడు వారాలు పడుతుంది. మజిల్ చూడగానే తోక ఊపుకుంటూ వచ్చే కుక్కలు నాకు తెలుసు. ఇంకో లాభం ఏమిటంటే, ఎదుటివాళ్ళు మజిల్ చూసి తమ కుక్కను తామే పక్కకు తీసుకుపోతారు. అయితే మజిల్ ఉంది కదా అని దగ్గరికి తీసుకెళ్ళకండి. కరవడానికి వీలుండదు గాని భయం అంతే ఉంటుంది.

పట్టీ లేని కుక్క పరిగెత్తుకొస్తే ఏం చేయాలి? రోజీని మీ వెనక్కి తెచ్చుకుని, అరచేయి ముందుకు చాపి గట్టిగా "ఆగు" అనండి. గుప్పెడు ముక్కలు ఆ కుక్క ముఖం వైపు విసరండి, చాలా కుక్కలు తినడానికి ఆగుతాయి, ఆ కాస్త సమయం చాలు. గొడుగు ఉంటే దాని వైపు టప్పున తెరవడం కూడా పనిచేస్తుంది, రోజీకి మాత్రం ఆ చప్పుడు ముందే అలవాటు చేసి ఉండాలి.

అన్నిటినీ దాటి గొడవ జరిగితే, చేయి రెండు మూతుల మధ్య పెట్టకండి, కాలర్ పట్టుకోబోకండి. ఆ మైకంలో ఎంత ప్రేమగల కుక్కయినా అందిన చేతిని కరుస్తుంది. పెద్ద చప్పుడు, బకెట్ నీళ్ళు, మీద దుప్పటి వేయడం, మధ్యలో కుర్చీయో అట్టముక్కో దూర్చడం, వీటిలో ఏది దొరికితే అది. ఇద్దరు మనుషులు ఉంటే ఒక్కొక్కరు ఒక్కో కుక్క వెనక కాళ్ళు తొడల దగ్గర పట్టుకుని ఒకేసారి వెనక్కి, వంపుగా లాగాలి. పళ్ళు దిగి పట్టు బిగిసి ఉంటే మాత్రం లాగకూడదు, చర్మం చీరుకుపోతుంది. మనిషికి పంటిగాటు పడితే వెంటనే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. "మన కుక్కే కదా" అని వదిలేయొద్దు.

ఒక సంగతి చాలామందికి తట్టదు. కొన్ని రోజులు బాగా నడిచి, ఒకరోజు ఉన్నట్టుండి చిన్నదానికే విరుచుకుపడుతుంది. ఆ రోజు మొత్తం గుర్తు చేసుకోండి. పొద్దున్నే టపాకాయల చప్పుడు, మధ్యాహ్నం ఇంట్లో కొత్త మనుషులు, సాయంత్రం డాక్టర్ దగ్గర ఇంజెక్షన్. బిందె చుక్క చుక్కగా నిండుతూ వచ్చింది, దారిలో కనబడిన కుక్క ఆఖరి చుక్క. అలాంటి రోజున వాకింగ్ మానేయండి. పెద్ద గొడవ జరిగాక కూడా ఒకటి రెండు రోజులు బయటి కుక్కలకు దూరంగా, ఇంట్లోనే ఉంచండి. "రోజూ వాకింగ్ లేకపోతే పాపం" అనుకుంటారు గాని, రోజూ భయపడటం అంతకంటే పాపం. ఇంట్లో ముక్కలు దాచి వెతికించండి, పాత తువ్వాలులో తిండి చుట్టి విప్పించండి, కొరకడానికి మంచి బొమ్మలు ఇవ్వండి. ముక్కుతో పావుగంట పనిచేసిన కుక్క హాయిగా పడుకుంటుంది. కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే కుక్కల మీద మొరిగే అలవాటు ఉంటే, అద్దానికి కింది సగం మసక కాగితం అంటించండి. పొద్దంతా కిటికీలో సాధన చేసిన కుక్కకు సాయంత్రం రోడ్డు మీద కొత్త పాఠం ఎక్కదు.

ఇవన్నీ రెండు మూడు నెలలు ఓపికగా చేసినా ఇంటి గుమ్మం దాటగానే వణికిపోతుంటే, నిద్రలోనూ ఉలిక్కిపడుతుంటే, మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఫ్లూఆక్సెటిన్ లాంటివి పనిచేయడం తెలియడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, మధ్యలో మనంతట మనం ఆపేయకూడదు. మనుషుల మందు ఇంట్లో ఉంది కదా అని సొంతంగా వేయకండి. మందు మత్తులో పడేయడానికి కాదు. భయం కాస్త దిగితే కుక్క నేర్చుకోగలుగుతుంది, అందుకు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తుందా అని కూడా అడుగుతారు. ఎదకు వచ్చినప్పుడో, ఉత్తుత్తి చూలు సమయంలోనో గొడవలు పెరిగే ఆడకుక్కకు ఉపయోగపడవచ్చు. భయంతో నేర్చుకున్న అలవాటు మాత్రం ఆపరేషన్‌తో పోదు.

ఇక రెండో కుక్క. ఇప్పుడు తెస్తే రోజీకి తోడు దొరకదు, భయం ఇంట్లోకే వస్తుంది. పైగా ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కల మధ్య వచ్చే గొడవలు చాలా మొండివి. నాకు తెలిసిన ఒక ఇంట్లో రెండేళ్ళు కలిసి పెరిగిన రెండు ఆడకుక్కలు తలుపు దగ్గర ఒక్కసారి కొట్టుకున్నాయి, ఆ తర్వాత ఇక కలవలేదు. ఆ ఇంటివాళ్ళు మధ్యలో గేటు పెట్టి, ఒకటి హాల్లో ఉంటే ఇంకోటి గదిలో, మళ్ళీ మార్చి, ఏళ్ళ తరబడి అలా నడిపారు. మనుషులకు అది ఎంత శ్రమో చూశాను. రోజీ బయట స్థిమితపడ్డాక, స్థిమితంగా ఉండే ఒక పెద్ద మగకుక్కతో, పరాయి చోట, ఇరవై అడుగుల ఎడంలో ఒకే దిక్కుకు పక్కపక్కన నడిపించి చూడండి. అది నచ్చితే అప్పుడు ఆలోచిద్దాం. ఇంట్లో ఎప్పటికైనా రెండు ఉంటే తిండి గిన్నెలు వేర్వేరు గదుల్లో, ఎముకలూ బొమ్మలూ ఎవరికి వాళ్ళకు విడిగా, మీరు ఇంట్లో లేనప్పుడు రెండింటికీ మధ్య మూసిన తలుపు.

ఇచ్చేయడం గురించి కూడా మొహమాటం లేకుండా చెప్తాను, ఎందుకంటే మీరు దాన్ని అడగడానికే సిగ్గుపడుతున్నట్టు రాశారు. ఇంట్లో చిన్నపిల్లల మీద దూకుడు మొదలైతే, కాట్లు లోతవుతూ హెచ్చరిక లేకుండా వస్తుంటే, లేదా మీ ఇంట్లోనే ఇంకో జంతువు ప్రాణభయంతో బతుకుతుంటే, వేరే ఇల్లు చూడటం గురించి నిపుణులతో కూర్చుని మాట్లాడవచ్చు. అప్పుడు కూడా కొరికిన సంగతి దాచకుండా, వేరే కుక్కలు లేని ఇంటికే ఇవ్వాలి. రోజీ విషయంలో అవేవీ మీరు రాయలేదు.

ఈ వారం చేయాల్సింది డాక్టర్ పరీక్ష, హార్నెస్, మజిల్ పరిచయం, కుక్కలు తక్కువగా తిరిగే వేళకు వాకింగ్ మార్చడం, అంతే. ముక్కల పద్ధతి వచ్చే వారం మొదలుపెట్టండి. డాక్టర్ ఏమన్నారో, ఎంత దూరంలో రోజీ నోరు మూసుకుని బిగుసుకుంటోందో, కుక్క వెళ్ళిపోయాక ఒళ్ళు విదిలించుకుంటోందో మూలుగుతోందో రాయండి. వీలైతే దూరం నుంచి ఎవరితోనైనా అర నిమిషం వీడియో తీయించండి, శబ్దం ఆపేసి చూస్తే దాని ఒళ్ళు ఏం చెప్తోందో మీకే కనబడుతుంది.